ఫ్యాను రెక్క మీద పేరు

కైకలూరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో ముప్పై ఏళ్లుగా వల లాగుతున్న యోసేపుకి మంచినీళ్ల గ్లాసు వేరు. మిగతా అందరికీ కుండ పక్కన స్టీలు గ్లాసు, దళితపేటవాళ్లకి గట్టు మీది షెడ్డు చూరులో దోపిన ప్లాస్టిక్ గ్లాసు. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ నోరు తెరిచి చెప్పరు. కులాలు ఎక్కడున్నాయండీ అనే పెద్దమనుషులు ఒకసారి ఆ షెడ్డులో నీళ్లు తాగి రావాలి.

రెండేళ్ల కిందట వేసవిలో చేపలు పట్టే రోజుల్లో నాలుక పిడచకట్టుకుపోయి, యోసేపు చేతికందిన స్టీలు గ్లాసే ముంచాడు. చెరువు ఆసామి సత్తిబాబు చెంప పగిలేలా కొట్టి, కులం పేరు పెట్టి తిట్టాడు. దెబ్బ తిన్నది ఒక్కడే. ఆ మాట మాత్రం అతనితో కలిపి వల పట్టుకున్న పేటవాళ్లు పన్నెండుమందికీ తగిలింది. అట్రాసిటీ చట్టం పెట్టింది అందుకే. చెంపదెబ్బకి మామూలు కేసు చాలు, పేటంతా తల దించుకునే మాటకి చాలదు.

"దెబ్బ సంగతి ఎలా ఉన్నా, ఆ మాట రాయండి బాబూ," అన్నాడు యోసేపు స్టేషన్లో.

రాశారు. కోర్టులో సత్తిబాబు లాయరు ఒక ఫొటో బయటికి తీశాడు. అందులో ఉన్నది పేట చర్చిలో సీలింగు ఫ్యాను. చర్చికి ఫ్యాను ఇచ్చినవాళ్లు రెక్క మీద పేరు రాయించుకోవడం మా వైపు మామూలే. తల్లి పోయిన ఏడు యోసేపు ఎర్రరంగుతో రాయించాడు: "మార్తమ్మ జ్ఞాపకార్థం, కుమారుడు యోసేపు, క్రైస్తవ కుటుంబం." క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు కాబట్టి ఆ చట్టం వర్తించదని కోర్టు తేల్చింది. కులం మాట కేసులోంచి ఎగిరిపోయింది, చెంపదెబ్బ ఒక్కటే మిగిలింది. గట్టు మీద నోటినిండా పలికిన కులం కోర్టు మెట్లెక్కేసరికి సత్తిబాబుకి గుర్తులేదు. థూ, అసహ్యం వేస్తుంది.

వారం తిరక్కుండా, వలకి మనుషులు చాలక అతనే పేటకి కబురు పంపాడు. యోసేపూ వెళ్లాడు. వల ముట్టకుండా తిన్నగా షెడ్డులోకి నడిచి స్టీలు గ్లాసు అందుకున్నాడు.

"ఏరా, మళ్లీ మొదలెట్టావా? నీది చూరులో ఉంది కదా," అన్నాడు సత్తిబాబు.

"నాకు కులం లేదని కోర్టులో చెప్పించారు కదండీ. మరి ఆ గ్లాసు ఎవరిదండీ?"

యోసేపు గ్లాసు ముంచి నోటిదాకా తెచ్చాడు. ఆ షెడ్డులో ఇక ఏ గ్లాసుతోనూ తాగబుద్ధి కాలేదు. నీళ్లు గట్టు మీద పారబోసి ఇంటిదారి పట్టాడు.

వలకి వచ్చిన మిగతా పదకొండుమందిలో ముగ్గురు అతని వెంట నడిచారు. మిగిలినవాళ్లు దాహం వేసినప్పుడు చూరులోకి చెయ్యి పెట్టారు.