ద్వారబంధం మీది గాడి

చైనాలోని హార్బిన్‌లో ఒకప్పుడు యూదులు ఉన్న పాత మేడల గుమ్మాలు, కిటికీలు బాగుచేయాలంటే అందరూ షూఫెన్‌నే పిలుస్తారు. యాభై ఎనిమిదేళ్ల వయసులోనూ వడ్రంగంలో ఆమె చెయ్యి తిరుగులేనిది. ఆ వేసవిలో ఒక మేడలో పాత రంగు గీకుతుండగా, ద్వారబంధం కుడివైపు చెక్కలో, భుజమెత్తున, ఏటవాలుగా బెత్తెడు గాడి బయటపడింది.

"ఎవరి ఉలో జారినట్టుంది. లప్పం పెట్టి పూడ్చెయ్యండి మేస్త్రమ్మా," అన్నాడు కొత్త ఇంజనీరు జోంగ్.

"జారిన ఉలి ఇంత సమంగా పోతుందా నాయనా? నా చిన్నప్పుడు మా పక్కవాటాలో రోజా మామ్మని ఒక యూదుల ముసలావిడ ఉండేది. ప్రార్థన రాసిన తోలుకాగితాన్ని చుట్టి, చిన్న డబ్బీలో పెట్టి, ఇలాంటి గాడిలోనే మేకులతో బిగించుకుంది. వస్తూ పోతూ దాన్ని తాకి, వేళ్లు ముద్దుపెట్టుకునేది."

"మన కాగితాల్లో అదేం లేదే."

"రాసినవాడు ఈ గుమ్మం తొక్కి ఉండడు. పూడ్చాలంటే ఇంకో మేస్త్రిని చూసుకో."

జోంగ్ గాడిలో వేలు పెట్టి తడిమాడు. రెండు కొసల్లోనూ సన్నటి మేకు బెజ్జాలు తగిలాయి. మేడ నక్షా తీసి అక్కడ గుర్తు పెట్టాడు.

షూఫెన్ గాడి అంచులకు నూనె పట్టించి, చేతులు తుడుచుకుంది. "పద, పైవాటాలు కూడా చూద్దాం," అంటూ మెట్లెక్కింది. మధ్యాహ్నానికి ఇంకో మూడు గాడులు దొరికాయి.