మా పెళ్ళిరోజున గెలిచిన ఆటలు

మా ఇంట్లో ఎవరు ఏ ఆట గెలిచినా మా పెళ్ళిరోజునే గెలుస్తారు. మా బ్లాకు బ్యాడ్మింటన్ పోటీల్లో నేను కప్పు కొట్టింది ఆ రోజే. మావాడు స్కూల్లో పరుగుపందెం గెలిచిందీ ఆ రోజే. సింగపూర్ మొత్తం మీద ఇలాంటి రికార్డున్న తెలుగు కుటుంబం ఇంకోటి ఉంటే చూపించండి, నా ఖర్చుతో కాఫీ తాగిస్తాను.

ఈ సంగతి మనవరాలికి చెప్పాల్సిన అవసరం ఈమధ్యే వచ్చింది. స్కూలు బ్యాడ్మింటన్ టీములో చేరాలని దానికి ప్రాణం. పోయినేడు సెలక్షన్‌లో కంగారుపడి, సర్వీసులన్నీ నెట్‌కి కొట్టి ఏడుస్తూ వచ్చింది. ఈసారీ పోతే ఇంక రాకెట్ ముట్టనంది. తేదీ ఎప్పుడా అని చూస్తే, సరిగ్గా మా పెళ్ళిరోజు!

"ఇంక భయం దేనికే? ఆ రోజు మనింట్లో ఓడినవాళ్ళు లేరు."

"రియల్లీ, తాతా?"

"కావాలంటే మీ నాన్ననడుగు," అన్నాను. వాడు వన్-నార్త్‌లోని ఆఫీసులో మీటింగుల్లో మునిగి ఉంటాడని నా ధీమా.

సెలక్షన్ రోజు నేనూ మా ఆవిడా వెళ్ళి కూర్చున్నాం. మొదటి సర్వీసు నెట్‌కే తగిలింది. పిల్ల నా వంక చూసింది. కప్పు ఎత్తినవాడిలా రెండు చేతులూ పైకెత్తాను. నవ్వేసింది. ఆ తర్వాత ఆ పిల్ల కొట్టిన కొట్టుడికి అవతలి పిల్ల కోర్టంతా పరుగులే పరుగులు. టీములో చోటు దొరికింది.

అట్నుంచటే లిటిల్ ఇండియా వెళ్ళాం. టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ టేబుల్ మాదేనని ఇక్కడి పద్ధతిలో చోప్ చేసి, పెసరట్లు తెచ్చుకునేసరికి పిల్ల మొదలెట్టింది.

"నానమ్మా, మీ పెళ్ళిరోజు సూపర్ లక్కీ! తాత కప్పు, నాన్న రేసు, ఇప్పుడు నేను!"

మా ఆవిడ అట్టు తుంచడం ఆపి నన్ను చూసింది. ఆ చూపుకి నలభై ఏళ్ళుగా నా దగ్గర మందు లేదు.

"అంటే," అన్నాను, "మాకు పెళ్ళిరోజు ఏడాదికి రెండుసార్లు వస్తుందమ్మా. నాది తారీఖు ప్రకారం, మీ నానమ్మది తిథి ప్రకారం. మీ నాన్న రేసు తారీఖుకి దగ్గరగా ఉందని దానికి కలిపాను. నా కప్పు తిథికి దగ్గరగా ఉందని దీనికి కలిపాను. నాలుగు రోజులు అటూ ఇటూ. పైగా నాది రన్నరప్ కప్పులే."

"రన్నరప్పా!" అంది మా ఆవిడ. "ఆవేళ వచ్చిందే రెండు జట్లు. మనవాడి రేసేమో డిసెంబరు సెలవుల ముందు. మన పెళ్ళి మే నెల ఎండల్లో."

పిల్ల వేళ్ళమీద నెలలు లెక్కపెట్టింది. నా ప్లేట్లో మిగిలిన అల్లం పచ్చడి తన వైపు లాక్కుంది.

"సో, ఈ రోజున గెలిచింది నేనొక్కదాన్నే, తాతా."