ఆ పేజీ అడుగున రెండు వాక్యాలు

ఇల్లు మారిన ప్రతిసారీ సామానంతా కూలీలు మోశారు. ఒక్క డైరీని మాత్రం నేనే మోశాను. పందొమ్మిదివందల అరవయ్యెనిమిదో సంవత్సరానిది. ఎవరి చేతికీ ఇవ్వలేదు. చిన్న పుస్తకమే, చొక్కా జేబులో పడుతుంది. అయినా ఇన్నేళ్లూ నా ప్రాణానికి అది బండరాయిలాగే ఉంది. అందులో ఒక పేజీ అడుగున రెండు వాక్యాల అబద్ధం ఉంది. నా భార్యకు కూడా చెప్పకుండానే ఆమెను కాటికి సాగనంపాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పదహారో ఏటి నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి డైరీ రాస్తున్నాను. లేచిన వేళ, వచ్చిన ఉత్తరాలు, కలిసిన మనుషులు. ఇంట్లో ఏదైనా వాదన వస్తే నా డైరీ తీసి తేల్చేవారు. నా మాట మీద లేని నమ్మకం నా రాత మీద ఉండేది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మా నాన్న అనంతపురం నుంచి యూనివర్సిటీలో గుమాస్తా పనికి వచ్చాడు. తార్నాకలో అద్దె ఇల్లు. నేను క్యాంపస్ జిమ్నేజియంలో ఫెన్సింగ్, అంటే కత్తులతో ఆడే ఆట, నేర్చుకున్నాను. ఆ రోజుల్లో ఆ మాట ఎవరికీ తెలియదు. మా ఇంటి ఓనరు విని, "మంచిదే, మా పెరటికి కూడా ఒక కంచె వేసిపెట్టు నాయనా" అన్నాడు. మూడేళ్లు వరసగా రాష్ట్ర చాంపియన్‌ని అయినా ఆయనకు నేను కంచెలు వేసే కుర్రాడినే.

నాతో రోజూ సాధన చేసినవాడు దేవదానం. నాకంటే మూడేళ్లు చిన్న. మెదక్ వైపు పల్లె వాళ్లది, తండ్రి రైల్వేలో పని చేస్తూ మౌలాలిలో ఉండేవాడు. మా ఆటలో ఒక ఆచారం ఉంది. దెబ్బ తగిలిందో లేదో చెప్పే కరెంటు పెట్టెలు మా దాకా రాలేదు. చుట్టూ నిలబడ్డ జడ్జీలు కనిపెట్టలేకపోతే, దెబ్బ తిన్నవాడే ఎడమ చెయ్యెత్తి "తగిలింది" అని ఒప్పుకోవాలి. దేవదానం చెయ్యి జడ్జీలు నోరు తెరవకముందే లేచేది. నాదీ లేచేది. అప్పట్లో.

చాంపియన్‌ని కాబట్టి ప్రభుత్వ క్రీడల శాఖలో ఆఫీసరు ఉద్యోగం ఇచ్చారు. ఆట మానేశాను. ఆ ఏడు రాష్ట్రపు ఎంపిక పోటీలు మా క్యాంపస్ జిమ్నేజియంలోనే పెట్టాం. గెలిచినవాడికి మా శాఖలో కోచ్ పోస్టు. అది దేవదానానికే వస్తుందని అందరికీ తెలుసు.

శనివారం పోటీలు. గురువారం పన్నెండు కొత్త మాస్కులు వచ్చాయి, ముఖానికి తగిలించుకునే ఇనుప జాలీవి. వాటిని పరీక్షించి సంతకం పెట్టాల్సింది నేను. మాస్కును పరీక్షించే పద్ధతి ఒకటుంది. మొన ఉన్న మేకును జాలీ మీద ఆనించి గట్టిగా ఒత్తాలి. కన్నం సాగితే ఆ మాస్కు పనికిరాదు. ఒక మాస్కు చేతిలోకి తీసుకున్నాను. వేలికి నల్లరంగు అంటింది. ఇంకా ఆరలేదు. కొత్త మాస్కులకు రంగు ఎందుకు వేస్తారు? ఆ ప్రశ్న నాకు అప్పుడే వచ్చింది. జవాబూ తెలుసు. తుప్పు మీద వేస్తారు.

మేకు కోసం చూస్తుంటే మా పెద్దాఫీసరు నవ్వాడు. "ఏమయ్యా, ఇంకా ఆటగాడివేనా? ఆఫీసర్లు ముట్టుకోరయ్యా, చూస్తారు. ఎల్లుండి మంత్రిగారొస్తున్నారు, కానివ్వు."

నేనూ నవ్వాను. వేలు రుమాలుకు తుడుచుకున్నాను. ఫైలు మీద 'సీన్' అని రాసి పొట్టి సంతకం పెట్టాను. సీన్ అంటే చూశాను అని. అది అబద్ధం కూడా కాదు కదా, అనుకున్నాను. ఆ సాయంత్రం డైరీలో ఒకే వాక్యం రాశాను: మాస్కులు వచ్చాయి, సంతకం చేశాను. కింద సగం పేజీ ఖాళీ.

శనివారం ఉదయం దేవదానం మాస్కు చేతిలో తిప్పుతూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏందన్నా, గీ జాలీ జర మెత్తగున్నది. చూసినవా?"

"చూసిన."

"నొక్కి చూసినవా, లేక ఆఫీసర్ సాబ్‌వి అయినవని దూరంకెల్లి చూసినవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

"చూసిన అన్న కద. ఏస్కో."

"నువ్వు చూసినవంటే ఇగ ఫికర్ లేదు" అని తలకు తగిలించుకున్నాడు.

రెండో ఆటలో ఎదుటివాడి కత్తి విరిగింది. విరిగిన కత్తికి కొత్త మొన పుడుతుంది. ఆ ఊపులోనే అది వెళ్లి దేవదానం మాస్కుకు తగిలింది. జాలీ ఆపలేదు. పెద్ద చప్పుడేమీ కాలేదు. దేవదానం నిలబడే ఉన్నాడు. అలవాటుకొద్దీ ఎడమ చెయ్యెత్తాడు. "తగిలింది" అన్నాడు. ఆ తరువాత మోకాళ్ల మీద కూలబడ్డాడు.

కుడి కన్ను పోయింది.

విచారణకు ముగ్గురిని వేశారు. మీరు డైరీ రాస్తారట కదా, తీసుకురండి అన్నారు. ఆ ఖాళీ సగం పేజీ ముందు ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. భయమా? ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది. కానీ అంతకంటే, అందరూ నమ్మే మనిషిని అబద్ధాలకోరు అనిపించుకోవడం భరించలేక, ఆ నమ్మకాన్ని కాపాడుకోవడానికే అబద్ధం రాశాను. ఇంతకంటే నీచమైన కారణం ఉంటుందా? ఇలా చేర్చాను: "పన్నెండింటినీ మేకుతో నొక్కి చూశాను. అన్నీ గట్టిగా ఉన్నాయి."

వాళ్లు పైకి చదివారు. ఒకాయన తలూపాడు. మాస్కు ఇచ్చాక ఆటగాడే ఎక్కడో పడేసి పాడుచేసుకున్నాడని తేల్చారు. ఒక కంటితో పోటీలు ఆడలేకపోయినా నేర్పగలడు. తప్పు శాఖదని తేలి ఉంటే ఆ పోస్టు వాడికి దక్కేదే. దక్కలేదు.

నెల తరువాత తార్నాక ఇంటికి వచ్చాడు, కంటికి కట్టుతో. తిడతాడనుకున్నాను. తిడితే చెప్పేసేవాడినేమో. ఏమో.

"మస్తు యాది చేసుకున్న అన్నా," అన్నాడు. "బండ మీద పెట్టిన, జారిందేమో. నువ్వు నొక్కి చూసినవంటే గట్టిగనే ఉండె. తప్పు నాదే అయితది."

అమ్మ కాఫీ తెచ్చింది. తాగాడు. గేటు దాకా వెళ్లి సాగనంపాను. నా ఎడమ చెయ్యి జేబులోనే ఉంది.

నాకు ప్రమోషన్లు వచ్చాయి. పెద్ద సీట్లో కూర్చుని రిటైరయ్యాను. దేవదానం మౌలాలిలో సైకిలు షాపులో పని చేశాడు. మూడేళ్ల కింద పోయాడని ఆలస్యంగా తెలిసింది. చివరిదాకా తానే మాస్కు పడేసుకున్నానని నమ్మి ఉంటాడు. నమ్మించింది నేను.

ఆ పేజీలో ఒక విచిత్రం జరిగింది. గురువారం రాసిన వాక్యం ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగులోకి తిరిగింది. చేర్చిన రెండూ వేరే సీసాలోని సిరాతో రాసినవి. అప్పుడు తేడా కనిపించలేదు. అవి ఇప్పటికీ నీలంగానే ఉన్నాయి. ఏటేటా తేడా పెరుగుతోంది. ఇప్పుడు ఎవరు చూసినా తెలిసిపోతుంది. కానీ అడిగేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఇవాళ సాయంత్రం ఆరింటికి ఆ పేజీ తీసి, కింద మూడో వాక్యం రాశాను. "ఒక్క మాస్కునూ నొక్కి చూడలేదు." దేవదానానికి ఇది అందదు. వాడి పోస్టు తిరిగి రాదు, కన్ను రాదు. క్షమించమని అడగడానికి మనిషే లేడు, ఉన్నా అడిగే మొహం నాకు లేదు.

సిరా ఆరేదాకా కూర్చున్నాను. తరువాత, గదిలో ఎవరూ లేకపోయినా, ఎడమ చెయ్యెత్తాను.