టీచరమ్మ చూపించిన హల్కిడికి

మా సోషల్ టీచరమ్మ పోయారన్న కబురు నాకు ధనుర్మాసం పూజలో ఉండగా గుడిలో తెలిసింది. హారతి ఇంకా కాలేదని అక్కడే కూర్చుండిపోయాను.

వాకాడులో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లెవరూ గ్రీసు దేశపు హల్కిడికిని మరిచిపోరు. ఆవిడ ఎన్నడూ చూడని చోటు అది. పటం మీద చెబితే మాకు ఎక్కదని, ఏడాదికోసారి సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి, తడి ఇసుకతో ఆ నేలలాగే నీళ్లలోకి చాచిన మూడు వేళ్లు చేసేవారు. మన సరుగుడు తోటల్లాగే అక్కడ పైన్ చెట్లు నీళ్ల అంచుదాకా దిగుతాయనేవారు. మూడో వేలి కొసన పెద్ద కొండ. దాన్ని చుట్టి రాబోయి ఒకప్పటి పర్షియా రాజు ఓడలు గాలివానకు పగిలిపోయాయి. తరువాతి రాజు, ఓడలకు కొండ చుట్టే పని లేకుండా, ఆ వేలి మొదట్లో కాలువ తవ్వించాడు. నిటారుగా తవ్విన గట్లు కూలాయి, పైన వెడల్పుగా తీసినవాళ్లది నిలిచింది.

"మీ అమ్మలు ఏట్లో చెలమ తీసేది అట్నే గదా. ఆ రాజు వాళ్లనడిగుంటే సరిపోయేది" అని నవ్వేవారు.

ఆ కొండంతా మేరీమాత తోటేనట. ఉండేది సన్యాసులు. ఆడవాళ్లను అడుగు పెట్టనివ్వరు. అది చెప్పి ఆవిడ చేతికంటిన ఇసుక దులుపుకునేవారు.

చివరి రెండేళ్లు ఆవిడకు చూపు లేదు. పక్క వీధే కనుక అప్పుడప్పుడు వెళ్లేదాన్ని. కార్తీకం మొదట్లో నా చేయి పట్టుకుని అడిగారు.

"ఒక్క సాయంత్రం నన్ను సముద్రం కాడికి తీసుకుపోమ్మా. చేత్తో తడుముకుంటా ఆ మూడు వేళ్లు మళ్లీ చేయాలనుంది."

సాయంత్రాలు గుళ్లో దీపాలు పెట్టుకోవాలి, ఈ నెల పోనివ్వండి అన్నాను.

"నీ దేవుడు నాకంటే ముసలోడు. ఆయన ఆగతాడులేమ్మే."

నవ్వేసి వచ్చాను. కార్తీకం అయ్యాక ఇంటి పనులన్నాను. ఆ తర్వాత ధనుర్మాస వ్రతం పట్టాను. సముద్రానికి ఆటోలో అరగంట దారి. ఆవిడ మళ్లీ అడగలేదు. అడగనందుకు నాకు హాయిగా కూడా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

హారతి అయ్యాక ఆవిడ ఇంటికి వెళ్లాను. గేటు దగ్గరే ఆవిడ చెల్లెలు ఆపింది.

"వ్రతంలో ఉండావు, లోపలికి రాబాకమ్మా. అక్కేమీ అనుకోదులే."

ఆగిపోయాను. లోపలికి వెళ్లి ముఖం చూసి, ఇంటికొచ్చి తలస్నానం చేస్తే సరిపోయేది. వ్రతం పోతే పోయేది. ఎదురింటి గోడకు ఆనుకుని నిలబడ్డాను. చాలాసేపటికి పాడె బయటికి వచ్చింది. ముందు నడిచేవాళ్లు చల్లుతున్న పేలాలు గాలికి నా వైపు వచ్చాయి. ఒకటి రెండు పాదం మీద పడబోతే, కాలు వెనక్కి తీసుకున్నాను.