రెండో ఆల్బంలో లేని మగ్గం

మా వీధి పిల్లలు నలుగురు రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు. వాళ్ల రెండో ఆల్బంలో సగం తాళం నాదే. గద్వాలకు కారు పంపి నన్ను తీసుకుపోయారు. మగ్గాన్ని లారీలో తెప్పించి హైదరాబాద్ స్టూడియోలో బిగించారు. సౌండు చూసే ఇంజనీరు నా కాళ్లు మొక్కాడు. కొత్తకోట ధాబాలో బస్సు ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరికి ఈ కథ చెప్పాను.

కారు రాలేదు, లారీ రాలేదు. బ్యాండులో పాట పాడే అమ్మాయే మైకు పట్టుకొని మా ఇంటికి వచ్చింది.

మొదటి ఆల్బంలో మాత్రం మా మగ్గం నిజంగానే ఉంది. ఆ అమ్మాయి కిటికీ బయట నిలబడి మగ్గం చప్పుడును ఫోనులో పట్టుకుపోయింది. గద్వాల చీర ఒక్కరి నేత కాదు. ఒళ్లు నూలు, అంచు పట్టు. పోగును ఈ పక్కకూ ఆ పక్కకూ మోసే నాడె ఆడిన ప్రతిసారీ రెండూ ముడిపడాలి. నడుమ నాడె, కుడి అంచు నాడె నావి, ఎడమ అంచు నాడె పక్కన కూర్చునే నా భార్యది. ఆమె పోగు మెలేసి "ఊఁ" అన్నాకే నేను పోగును బిగించే పలక గుంజి కొట్టాలి. ఆ ఆగడమూ, ఆ "ఊఁ" అనడమూ పాటలో అట్లాగే పడ్డాయి. జనానికి అవే నచ్చాయట. పాట కింద మా ఇద్దరి పేర్లూ వేశారు. ఆమె పేరు ముందు వేశారు.

రెండో ఆల్బంకు మైకు వస్తుందని తెలిసిన రోజే నా భార్యతో అన్నాను. "తెలకపల్లిల మీ చెల్లెకు పానం బాగలేదంట. పోయి సూసిరా."

చెల్లెలు గుండ్రాయిలా ఉంది.

"అవ్వ లేదా తాతా?" అంది అమ్మాయి.

"ఊరికి పోయింది. నేనొక్కన్నే సాలు."

"మరి అంచు ఎవరేస్తరు?"

"వినేటోళ్లకు అంచు కనబడ్తదా ఏంది?"

నడుమ నాడెనే ఈ కొస నుంచి ఆ కొసకు విసిరాను. ఆగే పని లేదు కదా, ఊపిరాడకుండా కొట్టాను. అమ్మాయి చెవులకు పెట్టుకున్నవి తీసి, "మంచిగుంది తాతా" అని తల దించుకొని వైర్లు చుట్టుకుంది. ఆమె పోయాక ఆ జానెడు నేతా విప్పేశాను.

ఆల్బం వచ్చింది. మా మగ్గం ఉండాల్సిన చోట ఏదో మిషను తాళం వేశారు. స్టూడియోవాళ్లు నన్ను మింగేశారని వనపర్తి దాకా తిట్టుకుంటూ తిరిగాను. మింగింది ఎవరో నాకు తెల్వదా?

నా భార్య ఫోను చెవి దగ్గర పెట్టుకొని అడిగింది. "ఏ పాటల ఉన్నం మనం?"

"అయిదోది."

విన్నది. ఒడిలో ఉన్న ఎడమ చెయ్యి నాడె వేయడానికన్నట్టు లేచింది, మళ్లీ పడింది.

"గీంట్ల నా వంతు వస్తలేదు."

"స్టూడియోల కోసిండ్రు."

"మగ్గం మీద గూడ ఆళ్లే కోసిండ్రా? తెలకపల్లి నుంచి వచ్చిన్నాడే సూసిన. విప్పిన కాడ పోగుల మీద నూగు లేసి ఉండె. నువ్వే చెప్తవేమో అని ఊకున్న."

నేను ఫోను తీసుకొని పాట ఆపాను.

రోజూ పక్కనే కూర్చుంటుంది. అంచు తప్పదు, పోగు తెగదు. "ఊఁ" మాత్రం అనడం లేదు. ప్రతిసారీ మెడ వంచి ఆమె చేతులు చూసి, పోగు మెలేసిందో లేదో నేనే తెలుసుకుంటున్నాను.