పారమట్టా నదిలో పోపు వాసన

దయ్యాల కథ ఎవరు మొదలుపెట్టినా ఆటపట్టించే మనిషిని నేను. ఇప్పుడు నేనే చెబుతున్నాను, నవ్వితే నవ్వండి.

సిడ్నీలో పారమట్టా నది మీద తేలే చెత్త తీసే పడవలో పని చేస్తాను. కోవిడ్ వచ్చి తగ్గాక నాకు వాసన పూర్తిగా పోయింది. స్పెషలిస్టు పరీక్ష చేసి, ఇక రావడం కష్టమన్నాడు. చెత్త పనికి ఇంతకన్నా వరం ఏముంటుందని మావాళ్లు ఏడిపించేవారు.

రెండేళ్లు అలాగే గడిచాయి. పోయినేడు పెద్ద వానల్లో, స్కోఫీల్డ్స్‌లో ఉండే తెలుగతను చేపలు పట్టడానికొచ్చి నదిలోకి జారిపోయాడు. నాలుగు రోజులు వెతికినా దొరకలేదు. అతని భార్య రోజూ మా పడవ కట్టేసే జెట్టీ దగ్గరికి వచ్చేది.

"అన్నయ్యా, మీరు డైలీ రివర్‌లోనే తిరుగుతారు కదా. ఆయన ఎక్కడో ఒడ్డెక్కే ఉంటారు. కొంచెం చూడండి," అంది. ఆమె మొహం చూడలేక సరేనన్నాను.

ఆరో రోజు పొద్దున ఏడు దాటింది. మడ చెట్ల పక్కగా వెళ్తుంటే గుప్పున ఇంగువ పోపు వాసన. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, దేనికది తెలిసింది. దగ్గర్లో ఒక్క ఇల్లు లేదు. పడవ నడిపే గ్రెగ్‌ని అడిగితే, బురద కంపు తప్ప ఏమీ లేదన్నాడు.

అటు తిప్పమన్నాను. చెట్ల వేళ్ల మధ్య సీసాలు, థర్మోకోల్ ముక్కలు తెట్టులా పేరుకున్నాయి. వల వేసి లాగాను. వాటి కింద అతనున్నాడు. వాసన అక్కడితో ఆగిపోయింది, మళ్లీ ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పొయ్యి మీద చారు గిన్నె అలాగే ఉంది. చావింట్లో పొయ్యి వెలిగించరు గనక ఇరుగుపొరుగు తెలుగువాళ్లు అయిదు రోజులుగా క్యారేజీలు తెస్తున్నారట. ఆమెకి ఒళ్లు మండిపోయిందట.

"మా ఆయన బతికే ఉన్నారు, మీ ఫుడ్ మీరే తీసుకెళ్లండి అని రాత్రి అందరినీ పంపేశానన్నయ్యా. పొద్దున ఏడింటికి నేనే పొయ్యి వెలిగించా. ఆయనకిష్టమని చారు కాచి పోపు పెట్టా."

వాళ్లింటి నుంచి ఆ చోటికి కారులో ముప్పావు గంట.

"అంత మూలకి ఎందుకెళ్లారు?" అని అడిగింది.

ఆయన బతికున్నాడని పెట్టిన పోపే ఆయన శవాన్ని పట్టిచ్చిందని ఏ నోటితో చెప్పను? పోటు నీళ్లు చెత్తని అటు తోస్తాయి, అందుకే వెళ్లానన్నాను. నిజానికి ఆ పూట పోటే లేదు.

ఆమె నమ్మింది. వాసనే తెలియని నాకు ఆ పోపు ఎలా తెలిసిందో ఈ రోజుకీ అంతుపట్టలేదు.