రిబ్బను కత్తిరించకముందే తలుపు తీసిన మేడమ్

మా మెకానికల్ మేడమ్ మొన్న మంగళవారం పోయారు. షిఫ్టు దిగి ఫోను చూసుకుంటే మా బ్యాచ్ అమ్మాయి పెట్టిన మెసేజీ కనిపించింది. సెలవుకి చీరాలలోని ఇంటికొచ్చినప్పుడు గుండెపోటట. ఒంగోలు ఆస్పత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే ప్రాణం పోయిందట. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే.

మేం పాలిటెక్నిక్‌లో చేరిన ఏడాదే కాలేజీకి కంప్యూటర్‌తో నడిచే లేత్ మిషను వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో పనంతా అలాంటి వాటి మీదే. మాకు మాత్రం కిటికీలోంచి చూసే భాగ్యమే. మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించాలని దానికి టార్పాలిన్ కప్పి, గదికి తాళం వేశారు. మేడమ్ దాని బటన్లు బోర్డు మీద గీసి పాఠం చెప్పేవారు. మిరపకోతలకు పోయే ఇళ్ల పిల్లలం, ఆ బొమ్మల్నే బట్టీ పట్టాం.

ఫైనలియర్‌లో ఒకరోజు మమ్మల్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లారు.

"మంత్రిగారు డేటివ్వలేదు మేడమ్. ఈలోగా పాడైతే ఎవరు బాధ్యత?" అన్నాడాయన.

"నేనే సార్. రేపు ఈ పిల్లలు కంపెనీకెళ్లి బటన్ ఎక్కడుందో వెతుక్కుంటుంటే, దానికెవరండీ బాధ్యత? మంత్రిగారొచ్చి నడుపుతారా?"

తాళంచెవి ఇవ్వలేదు. వర్క్‌షాపులో అడుగుపెట్టే ముందు మేడమ్ ఎప్పుడూ గాజులు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకునేవారు. ఆ రోజూ అలాగే తీసి, కొంగు దోపుకుని, హాక్సా బ్లేడుతో మా అందరి ముందే తాళం కోశారు.

ముందు తను నడిపి చూసుకుని, తర్వాత నన్ను పిలిచారు. మిషనులో కొలత కొట్టేటప్పుడు అంకెల మధ్య దశాంశ చుక్క వదిలేశాను. కోసే టూల్ ఒక్కసారిగా ఇనుప ముక్కలోకి దూసుకుపోయింది. నేను కెవ్వుమన్నాను. మేడమ్ ఎర్ర బటన్ నొక్కారు. తిడతారనుకున్నాను.

"తప్పెక్కడుందో నువ్వే పట్టుకో. తప్పులన్నీ ఇక్కడే చేసెయ్యండమ్మా. అక్కడ చేస్తే వేళ్లు పోతాయి," అన్నారు. ఆ చుక్క దొరికేదాకా నా వెనకే నిలబడ్డారు.

నెల్లాళ్లు నేర్చుకున్నాం. అంతలో ఆవిడకి మెమో, ఆ వెనకే దాచేపల్లి అవతలికి బదిలీ. ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేశారట! మిషన్ని మూలపడేసి తుప్పు పట్టించడం ధ్వంసం కాదు కాబోలు. గదికి కొత్త తాళం పడింది. చీరాలలో మంచాన పడ్డ తల్లిని చెల్లెలికి అప్పగించి, మేడమ్ అంతదూరం వెళ్లారు.

"తాళం కోసినందుకు బాధగా ఉందా మేడమ్?" అని ఒకసారి ఫోనులో అడిగాను.

"ముందే కొయ్యనందుకు బాధగా ఉందే," అన్నారు.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు నన్ను మిషను ముందు నిలబెట్టి, ఒక ముక్క చేసి చూపించమన్నారు. చేశాను. మా జూనియర్లు ఎంతోమంది అదే చోట బిక్కమొహం వేసుకుని నిలబడి, వెనక్కి వచ్చేశారు. తెలివి లేక కాదు. వాళ్లని మిషను ముట్టుకోనివ్వలేదు కాబట్టి.

గురువారం కాలేజీలో సంతాప సభ పెట్టారు. మెమో ఇచ్చిన ప్రిన్సిపాలే ఆవిడ ఫొటోకి దండ వేసి, "ఆదర్శ అధ్యాపకురాలు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"సార్, ఆ గది తెరిచారా?"

"ఇది సందర్భం కాదమ్మా."

ఆవిడ బతికుండగానూ వాళ్లకి సందర్భం కుదరలేదు.

అక్కణ్ణుంచి చీరాలలో మేడమ్ ఇంటికి వెళ్లాను. లోపల ఖురాన్ చదువుతున్నారు. గుమ్మం ముందు చెప్పుల మధ్య, ఆవిడ దగ్గర చదువుకుని, ఇప్పుడు షిఫ్టు దిగి సరాసరి వచ్చినవాళ్ల బరువైన సేఫ్టీ బూట్లు. గ్రీజు మరకల ఆ బూట్లతో వసారా నిండిపోయి, అవి మెట్ల మీదికీ, వీధిలోకీ కూడా వచ్చేశాయి. నావి విప్పడానికి చోటు వెతుక్కుంటూ కాసేపు అక్కడే నిలబడిపోయాను.